గెయిటీ: మద్రాసులో ఒక బందరాయన కట్టిన సినిమా హాలు

రఘుపతి వెంకయ్య నాయుడి పేరు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో సినీ పురస్కారం నెలకొల్పింది. తెలుగు సినిమా పితామహుడు అనే బిరుదూ ఆయనకే కట్టబెట్టాం. ఆ మాట వింటే ఆయన బోలెడు సినిమాలు తీసి ఉంటాడనిపిస్తుంది. నిజానికి ఆయన కష్టమంతా సినిమాలు చూపించడం మీదే సాగింది. కట్టింది హాళ్లు. వాటిలో మొదటిది మద్రాసు మౌంట్ రోడ్డు దగ్గర, బ్లాకర్స్ రోడ్డులోని గెయిటీ.

1869లో బందరులో పుట్టిన వెంకయ్య కుర్రతనంలోనే మరో సముద్రతీరానికి, మద్రాసుకు చేరాడు. మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టి నిలదొక్కుకున్నాడు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి మరీ క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. ఫ్రాన్సులోని గోమాంట్ కంపెనీ తయారు చేసిన యంత్రమది. తెర మీద బొమ్మ కదులుతుంటే దానికి జతగా గ్రామఫోను డిస్కు తిరిగేది. ఆ ధ్వనిని గాలి ఒత్తిడితో పెంచి హాలంతటికీ వినిపించేవారు. మన టాకీలకు ఇంకా ఇరవయ్యేళ్లుంది. విక్టోరియా పబ్లిక్ హాలులో మొదలుపెట్టిన ప్రదర్శనలను ఆయన డేరాలో సర్దుకుని బెంగళూరు, బెజవాడ, సింహళం, బర్మా దాకా తీసుకెళ్లాడు.

డేరాకి గాలీ వానా రెండూ శత్రువులే. మద్రాసులో అక్టోబరు దాటితే రుతుపవనాలు, తుపాన్లు. పైకప్పున్న హాలు అక్కడ వ్యాపారానికి ప్రాణావసరం. అప్పటికే మౌంట్ రోడ్డు మీద మిసెస్ క్లగ్ 1911లో బయోస్కోప్ నడిపింది. వార్విక్ మేజర్ 1913లో ఎలక్ట్రిక్ థియేటర్ తెరిచాడు. అవి దొరల హాళ్లు. వాటి సరసనే, 1914 నాటికి, గెయిటీ లేచింది. దక్షిణాదిన భారతీయుడు సొంతంగా కట్టుకున్న తొలి సినిమా హాలుగా దాన్ని చెబుతారు.

అక్కడ ఆడినవాటిలో ఎక్కువ భాగం అమెరికా, ఇంగ్లండు మూకీలు. ‘బ్రోకెన్ కాయిన్’లాంటి సీరియళ్లకు గిరాకీ ఎక్కువ: కథ సరిగ్గా ప్రమాదం దగ్గర ఆగిపోతుంది, తరువాయి భాగానికి జనం మళ్లీ రావలసిందే. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చినప్పుడు వాటి అర్థాన్ని గట్టిగా అరిచి చెప్పడానికి ఆ రోజుల హాళ్లలో ఒక మనిషి ఉండేవాడు. చదువుకున్నవారి వినోదాన్ని నేల టిక్కెట్టువాడికి అందించిన ఆ గొంతులకు చరిత్రలో పేర్లు మిగల్లేదు. నా దృష్టిలో ఇది తర్వాతెప్పుడో గెయిటీ హాలు పోయినదానికంటే పెద్ద నష్టం.

గెయిటీ నడవడంతో మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టాడు వెంకయ్య. గ్లోబ్ తర్వాత రాక్సీ అయింది. ఇక బొమ్మలు చూపించేవాడికి బొమ్మలు తీయాలని ఎందుకుండదు! కొడుకు సూర్యప్రకాశ్‌ని సినిమా పని నేర్చుకోమని విదేశాలకు పంపాడు. అతను తిరిగొచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పుట్టింది, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ వచ్చింది. ఆ బడిలోనే పని నేర్చిన సి. పుల్లయ్య కాకినాడ వెళ్లి సినిమా తీశాడు. కానీ తీయడానికయ్యే ఖర్చు చూపించడంలో వచ్చే రాబడిని మింగేసింది. అప్పుల్లో థియేటర్లు చేజారాయి. వెంకయ్య 1941లో కన్నుమూశాడు.

గెయిటీ మాత్రం కట్టినవాడు పోయాక కూడా దశాబ్దాలు బతికింది. 1964లో అదే మౌంట్ రోడ్డు మీద ఒకే ఆవరణలో మూడు తెరలతో సఫైర్ వచ్చింది. చల్లటి హాళ్లు, కొత్త హంగులు చూసిన జనానికి పాత గెయిటీ మీద మోజు తగ్గింది. ఆపైన టీవీ, వీడియో. నగరం నడిబొడ్డున స్థలం విలువ టిక్కెట్ల రాబడిని ఎప్పుడో దాటేసింది. ఈ శతాబ్దం మొదట్లో గెయిటీ నేలమట్టమైంది. సఫైర్ అంతకంటే ముందే, 1990లలోనే, మూతపడింది.

ఆ తొలితరం హాళ్లలో ఎలక్ట్రిక్ థియేటర్ భవనం ఇప్పటికీ ఉంది. తెరిచిన రెండేళ్లకే, 1915లో, తపాలాశాఖ దాన్ని కొనేసింది. అక్కడిప్పుడు స్టాంపులు సేకరించేవాళ్ల కోసం తపాలా బిళ్లలు అమ్ముతారు.