పట్టా కాలమ్

మా రిక్కార్టన్‌లో పాత డీన్స్ కుటుంబం ఇల్లు ఉంది, రిక్కార్టన్ హౌస్ అంటారు. శనివారం పొద్దున దాని ఆవరణలో, ఏవన్ ఏటి ఒడ్డున రైతుల సంత జరుగుతుంది. క్రైస్ట్‌చర్చ్ వచ్చిన కొత్తలో నేను కూరల కోసం కంటే రైతు అనేవాణ్ణి చూడటానికే అక్కడికి వెళ్ళేవాణ్ణి. 2020 మార్చి 25 అర్ధరాత్రి దేశమంతా నాలుగో లెవెల్ లాక్‌డౌన్ పెట్టారు. సంత మూతబడింది.

పొలాల్లో పని మాత్రం ఆగలేదు, వ్యవసాయం అత్యవసర సేవ కనక. ఆవులకి లాక్‌డౌన్ తెలీదు కదా! ఆ నెల 17న ప్రభుత్వం వేతన సబ్సిడీ ప్రకటించింది. ఆదాయం 30 శాతం పడిపోతే చాలు, పొలమైనా సెలూనైనా ఒకటే లెక్క. వారానికి 20 గంటలు, ఆ పైన పనిచేసే ఒక్కో మనిషికి 585.80 డాలర్లు, అంతకన్నా తక్కువ చేస్తే 350. 12 వారాలది ఒకేసారి ఇచ్చారు. సొంతంగా పనిచేసుకునేవాళ్ళూ అర్హులే. ఏ యజమాని తీసుకున్నాడో పేరు కొట్టి చూసుకునేట్టు ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో పెట్టింది. డేటాబేసులతో బతికేవాణ్ణి కనక, ఆ టేబుల్‌కి కీ ఏమిటా అని చూశాను. ఎకరం కాదు, మనిషి. 1984 బడ్జెట్‌లో రోజర్ డగ్లస్ వ్యవసాయ సబ్సిడీలకి కత్తెర వేశాక, ఇక్కడ భూమిని చూసి డబ్బిచ్చే అలవాటు పోయింది.

వరంగల్ దగ్గర మాకు నాలుగెకరాలుంది, నాన్న పేరు మీద. ఏడేళ్ళుగా దున్నేది ఒక కౌలురైతు. లాక్‌డౌన్ మొదలైన వారంలోనే కేంద్రం పీఎం కిసాన్ రెండు వేల వాయిదాని ముందుకు జరిపి ఏప్రిల్‌లో వేసింది. భూమి పేరున ఉన్నవాళ్ళకే. నాన్న పెన్షన్ తీసుకునే టీచరు, ఆయనకి రాలేదు. భూమి లేదు కనక కౌలురైతుకీ రాలేదు. జూన్‌లో రైతుబంధు, ఎకరానికి ఐదు వేలు, మొత్తం 20,000 నాన్న ఖాతాలో పడ్డాయి. ఫోన్‌లో అడిగితే కౌలురైతు నవ్వాడు: "అవి పట్టా పైసలు తమ్మీ, నాకెట్ల వస్తయి?" రైతు చనిపోతే ఐదు లక్షలిచ్చే రైతుబీమా కూడా పట్టాదారుకే.

ఇక్కడ వేరేవాళ్ళ పొలంలో పాలు పిండి ఆదాయంలో వాటా తీసుకునేవాళ్ళున్నారు, షేర్‌మిల్కర్లంటారు. మన భాషలో 'పాలు' అన్నా వాటాయే, పాలూ పాలే. వాళ్ళ ఒప్పందాలకి 1937లోనే చట్టం వచ్చింది. రిక్కార్టన్‌కి పేరు పెట్టిన డీన్స్ అన్నదమ్ములు కూడా 1843లో వచ్చి, 1846లో నాయి తహు తెగవాళ్ళ దగ్గర భూమిని లీజుకి రాయించుకున్నారు. అంటే కాగితం ఉన్న కౌలుదార్లు.

మనకీ చట్టం లేకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్లకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. సంతకం పెట్టమని నాన్నని అడిగాను. "కాగితం రాసిస్తే రేపు రక్షిత కౌలుదారునంటడురా" అన్నాడు. ఆయన భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద నమోదైన రక్షిత కౌలుదార్లకి తర్వాత 38-ఇ సెక్షన్‌తో భూములపై హక్కే వచ్చింది. దున్నేవాడికి భూమి ఇవ్వటానికి పుట్టిన చట్టం, డెబ్బై ఏళ్ళ తర్వాత దున్నేవాడి పేరు కాగితం ఎక్కకుండా అడ్డుపడుతోంది. ఇంత విచిత్రమైన బగ్ నా సర్వీసులో చూళ్ళేదు.

చివరికి నాన్న పదివేలు అతని చేతిలో పెట్టాడు, రాతకోతలేమీ లేకుండా. ఇప్పించినందుకు నేను గొప్పగా అనుకున్నాను కూడా. మిగతా పదివేల సంగతి అడగలేదు.

2025 జనవరిలో పథకం పేరు రైతు భరోసా అయింది, సీజనుకి ఎకరానికి ఆరు వేలయింది. అదీ పట్టాదారు ఖాతాకే. ఆ వారం కౌలురైతు నాకు ఫోన్ చేశాడు. సర్కారు పైసలు పెంచింది కదా, ఈసారి కౌలు కూడా పెంచుతారా అని అడిగాడు.