తిరిగి వేసిన బిళ్ల

“ఇన్నిమారులు నల్లబిళ్లయే వచ్చినది, ఇక తెల్లబిళ్ల రాక తప్పదు” అని జూదరి తలచును. ఈ తలంపు నిజమా? హాలండు దేశపు పండితు లిద్దరి నడుమ పూర్వము కలిగిన యభిప్రాయభేదము దీనికి సమాధానము చెప్పుచున్నది.

క్రిస్టియాన్ హైగెన్సు 1657వ సంవత్సరమున జూదములందలి గెలుపోటముల గణితమును గూర్చి లాటిను భాషలో నొక చిన్న గ్రంథమును ప్రకటించెను. దాని తుదను పాఠకుల కైదు ప్రశ్నల నొసంగెను. అందు రెండవది యిది: 12 బిళ్లలు కలవు, నాలుగు తెల్లనివి, ఎనిమిది నల్లనివి. ముగ్గురు కన్నులు మూసికొని వరుసగా నొక్కొక్క బిళ్లను తీయుదురు. మొదట తెల్లబిళ్ల తీసినవానిదే గెలుపు. ఎవరి కెంత యవకాశము?

తీసిన నల్లబిళ్లను మరల లోపల వేయవలెనని హైగెన్సు ఉద్దేశము. అట్లయిన ఆటకు అంతమెక్కడిదని మనము జంకనక్కరలేదు. మొదటివాడు తొలి తీతలోనే గెలుచుటకు మూడింట నొక పాలు అవకాశము. ముగ్గురికిని నల్లబిళ్లలే వచ్చుటకు 27 పాళ్లలో 8 పాళ్లు. అప్పుడు ఆట మొదటికి వచ్చును, వాని యవకాశమును తొల్లింటివలెనే యుండును. ఈ యొక్క యూహతో అంతులేని యాట చిన్న సమీకరణమున నిమిడిపోవును. మొత్తము 19 పాళ్లలో మొదటివానికి 9, రెండవవానికి 6, మూడవవానికి 4. ఎవరును గెలువకుండుటకు ఏమియు మిగులలేదు.

1665లో హుడ్డె యను గణితజ్ఞుడు హైగెన్సుతో నుత్తరప్రత్యుత్తరములు జరుపుచు వేరొక లెక్క చూపెను. తీసిన బిళ్ల వెలుపలనే యుండునని యాతడు గ్రహించియుండెను. ఆ నియమమున వచ్చు పాళ్లు 77, 53, 35. ప్రశ్నలో నొక్క మాట లోపించుటచేత ఇరువురును రెండు ఆటలను లెక్కించిరి! యాకోబు బెర్నూలీ మరణానంతరము 1713లో వెలువడిన గ్రంథమున ఈ రెండర్థములును, ప్రతివానికిని వేరువేరుగా 12 బిళ్లలుండు మూడవ యర్థమును విడదీసి చూపబడినవి.

ఇప్పుడు జూదరి మాటను పరీక్షింతము. బిళ్ల వెలుపల నుంచినచో నాతడు చెప్పినది కొంత నిజమే: ఎనిమిది నల్లబిళ్లలును వచ్చిన పిమ్మట తొమ్మిదవది తెల్లనిదే. తిరిగి వేసినచో, నూరుమారులు నల్లనిది వచ్చినను, నూటయొకటవ తీతలో తెల్లనిది వచ్చుటకు మూడింట నొక పాలే. బిళ్లలకు జ్ఞాపకము లేదు.

ప్రతిమారును చీట్లన్నియు క్రొత్తగా కలుపు లాటరీయు నట్టిదే. పదిమారులు పోగొట్టుకొన్న గృహస్థు పదునొకటవ చీటిని కొనుటకు ముందు అదృష్టము నడుగుట కాదు, “పోయిన బిళ్ల లోపల నున్నదా, వెలుపల నున్నదా?” యని ప్రశ్నించుకొనవలెను. ఎవరో యొకరు ఎన్నడో గెలుతు రనుట వేరు. రాబోవు గెలుపు తనదే యనుకొనుట వేరు.