మందుల ప్రయోగాల్లో మహిళలు: సంతకం ఎవరు పెట్టాలి?

కొత్త మందునో టీకానో కొంతమందికి ఇచ్చి, అది పనిచేస్తుందా, హాని చేస్తుందా అని పరీక్షించడాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఇందులో మహిళలు కూడా ఉండాలి. ఒకే మోతాదు మగవారి ఒంట్లో ఒకలా, ఆడవారి ఒంట్లో ఇంకోలా పనిచేయొచ్చు.

కడుపులో బిడ్డకు హాని జరుగుతుందన్న భయంతో అమెరికా 1977లో, గర్భం దాల్చే వయసున్న మహిళలను తొలిదశ ప్రయోగాలకు దూరం పెట్టింది. 1993లో ఆ ఆంక్ష ఎత్తేసింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవారి ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని గుర్తించి, 2013లో అక్కడ మహిళల మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించారు. అప్పటికే 20 ఏళ్లుగా ఆ మాత్ర వాడుతున్నారు.

ఖమ్మంలో ఏం జరిగింది?

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా ఇది. అమెరికా సంస్థ పాథ్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. వీరిలో చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో నిలిపేశారు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారని, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేనట్టేనని విచారణ కమిటీ తెలిపింది. ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఖమ్మంలో తప్పు జరిగింది అనుమతి తీసుకున్న తీరులో.

మనం ఏం అడగాలి?

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు నుంచి పెద్ద వైద్యానికి ఒంగోలు, గుంటూరు, హైదరాబాద్ వెళ్తుంటాం. అక్కడ ట్రయల్‌లో చేరమని అడిగితే ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

- వివరాలు మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. అమ్మీకి ఉర్దూయే వస్తే ఉర్దూలోనే చెప్పమనండి.
- పెద్దామె అయితే సంతకం ఆమెదే. భర్తతో, అన్నదమ్ములతో సలహా చేసుకోవచ్చు గానీ, ఆమె బదులు వాళ్లు పెట్టకూడదు.
- చదువు రాకపోతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ముందు అంతా చదివి వినిపించాలి.
- గర్భవతి అయినా, పాలిస్తున్నా ముందే చెప్పాలి.
- అంగీకార పత్రం కాపీ, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు, సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి.
- ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి.
- ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు. అందుకని మామూలు వైద్యం ఆపకూడదు.