నలభై బిట్ల తాళం

లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట దాటగానే హైటెక్ సిటీ. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తొలినాళ్లలో ఆ ప్రాంతపు కార్యాలయంలో పనిచేసిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఈమధ్య ఒక మాటన్నాడు: “ఈ-మెయిల్‌కు ఎన్‌క్రిప్షన్ ఉన్నదని తెరమీద గుర్తు కనిపించేది మాస్టారూ. అది ఎన్ని బిట్లదో మేమెన్నడూ చూడలేదు.”

చూడవలసినది అదే. అమెరికా 1996 దాకా గట్టి గుప్తలేఖన సాధనాలను ఆయుధాల జాబితాలో ఉంచింది. విదేశాలకు వెళ్లే సాఫ్ట్‌వేరుకు సాధారణంగా 40 బిట్ల తాళమే దక్కేది. ఉత్తరాల రక్షణకై ఏర్పడిన ఎస్-మైమ్ ప్రమాణపు రెండవ కూర్పు, 1998లోనూ, అవతలివారి సాఫ్ట్‌వేరు శక్తి తెలియనప్పుడు, వారు చదవలేరేమోనన్న భయముంటే 40 బిట్లకే దిగమన్నది. పంపినవానికి ఆ సంగతి తెలియకుండానూ పోవచ్చు.

ఛందస్సు చదివినవారికి ఈ లెక్క కొత్తది కాదు, గురులఘు ప్రస్తారమే. 26 అక్షరాల ఉత్కృతిలో 6,71,08,864 వృత్తాలు పుడతాయి. ఒక్కొక్క అక్షరం పెరిగితే సంఖ్య రెట్టింపు. నలభైకి సుమారు లక్షా పదివేల కోట్లు. మనకది అపారం, యంత్రానికి కాదు. 1997 జనవరిలో బర్క్‌లీ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ దాదాపు 250 కంప్యూటర్లతో అంతటి తాళాన్ని మూడున్నర గంటల్లో తీశాడు.

లోటస్ నోట్స్ కథ మరీ విచిత్రం. 1996 నాటి విదేశీ కూర్పులో తాళం 64 బిట్లది. అందులో 24 బిట్లను అమెరికా జాతీయ భద్రతా సంస్థ మాత్రమే చదవగలిగేలా జతచేశారు. ఆ సంస్థ ఛేదించవలసినవి మళ్లీ నలభయ్యే! కంపెనీ దీన్ని దాచలేదు. అయినా 1997లో ఒక పత్రిక వ్రాసేదాకా స్వీడన్ పార్లమెంటులో గగ్గోలు పుట్టలేదు.

తప్పంతా పరాయివారిదే అందామా అంటే, మన ఇంటర్నెట్ లైసెన్సు నిబంధన కూడా అనుమతి లేనిదే 40 బిట్లు దాటరాదన్నది. దాటితే తాళంచెవిని రెండు ముక్కలుగా ప్రభుత్వానికి అప్పగించవలసి ఉండేది. రిజర్వు బ్యాంకేమో 2001 జూన్‌లో ఇంటర్నెట్ బ్యాంకింగుకు 128 బిట్లు కావాలన్నది. అత్త ఒక మాట, మామ ఒక మాట.

1999లో ఎస్-మైమ్ మూడవ కూర్పు ట్రిపుల్ డెస్‌ను తప్పనిసరి చేసింది. 2000 జనవరిలో అమెరికా ఎగుమతి ఆంక్షలు సడలించింది. అయితే అప్పటికే వెళ్లిన ఉత్తరాలకు తాళం మారదు. నకలు చేజిక్కితే వాటిని తెరవడానికి నేడు ఒక మంచి కంప్యూటరు చాలు. మా వాడి పాత డిస్కులో 1999 నాటివి ఇంకా ఉన్నాయట.