ముఖానికి తడి: పసుపు నుంచి సీరమ్ దాకా

సౌందర్య సాధనాల గురించి మనం చాలానే రాశాం. 1994లో ఒకే ఏడాది విశ్వసుందరి, ప్రపంచ సుందరి కిరీటాలు రెండూ ఈ దేశానికి వచ్చినప్పుడూ, 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడూ మార్కెట్ మన శరీరాలను ఎట్లా కొలుస్తోందో స్త్రీవాదులు గట్టిగానే చెప్పారు. ఆ విమర్శ ఇప్పటికీ చెల్లుతుంది. అయితే ఆ విమర్శ పక్కనే ఇంకో ప్రశ్న ఎప్పుడూ ఉంది. రోజంతా పనిచేసి వచ్చిన ఆడమనిషి రాత్రి ముఖం కడుక్కుని, బిగుసుకుపోయిన చర్మానికి కాస్త తడి కావాలనుకుంటే, ఆ కోరిక ఎవరిది? మార్కెట్‌దా, మగవాడి చూపుదా, ఆమెదా?

తెనాలి మెయిన్ రోడ్డులో ఇప్పుడు ఏ మెడికల్ షాపుకి వెళ్ళినా అద్దాల వెనక చిన్న చిన్న సీసాలు వరసగా కనిపిస్తాయి. చుక్కలు వేసుకునే గొట్టం ఉన్న సీసాలు. హైలురోనిక్ ఆసిడ్, నియాసినమైడ్, విటమిన్ సి, సెరమైడ్లు, పాంథెనాల్. ఒక్కో సీసాలో మూడో నాలుగో కలిపి ఉంటాయి. "మేడమ్, ఏది మంచిది?" అని నా దగ్గర చదువుకునే అమ్మాయిలు అడుగుతుంటారు. సాహిత్యం చదువుకున్నదాన్ని, చర్మవైద్యురాలిని కాదు. కానీ ఆ సీసాలో ఉన్నవాటిలో ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెనాలి, బాపట్ల, రేపల్లెల మీదుగా కూడా నడిచింది. "ఏది" అనే ప్రశ్నకి జవాబు అందులో కొంత దొరుకుతుందని నా నమ్మకం.

పసుపు ఎవరికి?

తెనాలి పక్కనే ఉన్న దుగ్గిరాల పసుపు మార్కెట్‌కి పేరు. మన ముఖాల చరిత్ర అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పసుపు, మీగడ, నువ్వులనూనె, పెసరపిండితో నలుగు. ఇవన్నీ చర్మానికి మంచివని అమ్మమ్మలు చెప్పారు, ఇప్పుడు ప్రకటనలూ చెబుతున్నాయి. ప్రకటనలు చెప్పనిది ఒకటుంది. పసుపు ముఖానికి రాసుకోవడం చర్మరక్షణ మాత్రమే కాదు, మొగుడు బతికున్నాడని లోకానికి చెప్పే గుర్తు. భర్త పోయిన రోజున అగ్రవర్ణాల ఇళ్ళలో బొట్టూ గాజులతో పాటు ముఖానికి పసుపు కూడా పోయేది. పదేళ్ళ పిల్ల అయినా సరే. కష్టజీవుల కులాల్లో మారుమనువు ఉండేది కాబట్టి అక్కడి కథ వేరు. వాళ్ళకి నలుగు పెట్టుకునే తీరిక ఎక్కడిది? నాట్లప్పుడు నీళ్ళలో వంగి నిలబడితే పైన ఎండ, కింద నీళ్ళ మీద నుంచి కొట్టే ఎండ.

అంటే ముఖాన్ని చూసుకోవడం ఒక హక్కుగా ఏనాడూ లేదు. కొందరికి అది తప్పనిసరి, కొందరికి నిషేధం, మరికొందరికి అందనిది. 1922లో గుంటూరులో ఉన్నవ దంపతులు శారదా నికేతనం పెట్టి వితంతువులకూ బాలికలకూ చదువు చెప్పించినప్పుడు చదువుతో పాటు ఈ అలంకార నిషేధం కూడా కదిలింది. మన చరిత్రలు చదువు గురించి రాశాయి, అద్దం గురించి రాయలేదు.

లోధ్ర, గృహలక్ష్మి, బాపట్ల

రెండో మజిలీ బాపట్ల. కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో అక్కడే పుట్టారు. స్త్రీ హితైషిణీ మండలిని నడిపిందీ అక్కడే. 'గృహలక్ష్మి'లో ఏళ్ళ తరబడి ఆవిడ రాసిన 'శారద లేఖలు'లో శారద తన స్నేహితురాలు కల్పలతకి శారదా చట్టం గురించీ, విడాకుల గురించీ, ఖద్దరు గురించీ ఉత్తరాలు రాస్తుంది. ఆ పత్రికని 1928లో మొదలుపెట్టింది మద్రాసు కేసరి కుటీరం అధిపతి డాక్టర్ కె.ఎన్. కేసరి. కేసరి కుటీరానికి పేరు తెచ్చిన మందు లోధ్ర, స్త్రీల గర్భాశయ వ్యాధులకి. అంటే తెలుగు స్త్రీల తొలి తరం రాజకీయ రచన కొంత ఆడవాళ్ళ శరీరం కోసం అమ్మిన ఒక సీసా అండతో అచ్చయింది. దీన్ని ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు. మార్కెట్టూ మాటా మనకి ఒకే వాకిట్లోంచి వచ్చాయని గుర్తుచేస్తున్నాను.

లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. కాళిదాసు 'మేఘదూతం'లో అలకాపురి స్త్రీలు ముఖానికి అద్దుకున్నది కూడా లోధ్ర పువ్వుల పుప్పొడే. ఆ పుప్పొడితో ముఖం పాలిపోయినట్టు తెల్లగా కనిపిస్తుందని కవి వర్ణన. అదే చెట్టు, ఒకచోట తెలుపు కోసం, మరొకచోట ఆరోగ్యం కోసం. ఈ రెంటి మధ్య తేడా ఈ వ్యాసానికంతటికీ ముఖ్యం. తెలుపు చూసేవాళ్ళ కోసం. ఆరోగ్యం ఉన్నవాళ్ళ కోసం.

బాపట్లలోనే 1902లో ఇంకొకరు పుట్టారు. స్థానం నరసింహారావు. తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో సత్యభామగా, రోషనారగా ఆయన్ని చూడటానికి జనం విరగబడేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కళ పట్ల నాకు గౌరవమే. కానీ ఆలోచించండి. గౌరవనీయమైన ఇళ్ళ స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదన్న రోజుల్లో, ఆడదాని ముఖం ఎట్లా ఉంటే అందమో ఊరందరికీ చూపించింది ఒక మగవాడి ముఖం, దాని మీద మందంగా పూసిన రంగు. అంతకుముందు వీధినాటకాల వాళ్ళు అర్దళం పూసుకునేవారు. అది హరితాళం, ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. వేదిక మీది ముఖానికి కావలసింది దూరానికి కనిపించడం. చర్మం ఏమవుతుందన్నది ఎవరి లెక్కలోనూ లేదు. మన చలనచిత్రాలూ, ఆ తర్వాత ప్రకటనలూ ఆ దూరపు చూపునే వారసత్వంగా తీసుకున్నాయి. జయప్రభ 'చూపులు' రాసేదాకా ఆ చూపుని తిరిగి చూసినవాళ్ళు తక్కువ.

స్నో, గ్లిజరిన్

1919లో బొంబాయిలో ఇ.ఎస్. పాటన్‌వాలా అఫ్ఘాన్ స్నో తయారుచేశాడు. ఆ తర్వాత మన ఇళ్ళల్లో ముఖానికి రాసుకునే ఏ తెల్లటి క్రీముకైనా 'స్నో' అనే పేరు నిలిచిపోయింది. మంచే పడని కృష్ణా డెల్టాలో మంచు పేరు! పేరులోనే తెలుపు ఉంది. ఆ రకం క్రీముల్లో ఉండేది ముఖ్యంగా స్టియరిక్ ఆసిడ్, నీళ్ళు, కొంచెం గ్లిజరిన్. చర్మానికి నిజంగా పనికొచ్చింది ఆ చివరిదే.

గ్లిజరిన్‌ని 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలె ఆలివ్ నూనె నుంచి తీశాడు. సబ్బు తయారీలో అది ఉపఉత్పత్తిగా వస్తుంది. నీటిని పట్టి ఉంచడం దాని గుణం. మా అమ్మ తరం చలికాలంలో మెడికల్ షాపు నుంచి గ్లిజరిన్ తెచ్చి పన్నీరు కలిపి సీసాలో పోసి పెట్టుకునేవాళ్ళు. కాళ్ళ పగుళ్ళకీ అదే, ముఖానికీ అదే. దానికి ప్రకటన లేదు, సినీతార లేదు. అది తెల్లగా చేస్తుందని ఎవరూ చెప్పలేదు. ఈనాటి 'హైడ్రేటింగ్ సీరమ్' సీసా వెనక చిన్న అక్షరాలు చదివితే, చాలాసార్లు నీళ్ళ తర్వాత రెండో పేరు గ్లిజరినే.

హైలురోనిక్ ఆసిడ్ కూడా చేసేది ఆ పనే. 1934లో న్యూయార్క్‌లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని ఆవు కంటిలోని ద్రవం నుంచి వేరుచేశారు. తర్వాత కోడిపుంజు జుట్టు నుంచి తీశారు. ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాని పులియబెట్టి తయారుచేస్తున్నారు. మన చర్మంలో సహజంగానే ఉండే పదార్థం. కానీ పెద్ద అణువులు చర్మం లోపలికి దిగవు, పైన పల్చటి పొరలా నిలిచి తడిని పట్టుకుంటాయి. అది మంచి పనే. వయసుని వెనక్కి తిప్పే పని మాత్రం కాదు.

ఇక్కడ రేపల్లె గుర్తొస్తుంది. రేపల్లె, నిజాంపట్నం తీరం రొయ్యల సీమ. రొయ్యల షెడ్లలో ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్ళది. ఐసు నీళ్ళలో గంటల తరబడి చేతులు నాని, వేళ్ళ సందులు ఒరిసిపోయి, చర్మం పగులుతుంది. వాళ్ళు ఒలిచి పారేసే రొయ్య పెంకులో కైటిన్ ఉంటుంది. దాన్నుంచి తీసిన కైటోసాన్ సౌందర్య సాధనాల్లోకి కూడా వెళుతుంది. కైటిన్‌లోనూ హైలురోనిక్ ఆసిడ్‌లోనూ ఒకే చక్కెర అణువు, ఎసిటైల్ గ్లూకోజమీన్, ఇటుకలా పేర్చి ఉంటుంది. ఆమె చేతుల మీది తడీ, సీసాలోని తడీ ఒకే ప్రకృతి నుంచి వచ్చినవే. ఆమె వేళ్ళ గురించి మాట్లాడని చర్మ సంరక్షణని నేను స్త్రీల విషయం అనలేను. చేతికి తొడుగులూ, పని అయ్యాక రాసుకోవడానికి కాస్త వాజలీనూ ఇవ్వమని అడగటం కూడా సౌందర్య చర్చే.

నియాసినమైడ్ రెండు జీవితాలు

నియాసినమైడ్ బి3 విటమిన్ రూపాల్లో ఒకటి. అది ఆహారంలో లోపిస్తే పెలాగ్రా వస్తుంది. ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి, మందమై, పొలుసులూడుతుంది. మెడచుట్టూ హారంలా మచ్చ పడుతుంది. 18వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన స్పెయిన్ వైద్యుడి పేరుమీద ఆ మచ్చకి కాసల్ హారమని పేరు. నగలు లేని పేదలకి ఆకలి తొడిగిన హారం అది. 1937లో ఎల్వేజెం అమెరికాలో నికోటినిక్ ఆసిడ్‌తో కుక్కల్లో ఇలాంటి జబ్బునే నయం చేశాడు. మన దగ్గర దక్కన్‌లో జొన్నన్నం మీదే బతికే పేదల్లో పెలాగ్రా ఎందుకు వస్తోందో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య పరిశోధించి, 1960లో జొన్నలోని ల్యూసిన్‌తో దాన్ని ముడిపెట్టారు.

ఆ విటమిన్ రెండో జీవితం 1975లో మొదలైంది. ఫెయిర్ అండ్ లవ్లీలో ముఖ్యమైన పదార్థం నియాసినమైడే. రంగు తెలుపైతే ఉద్యోగం, రంగు తెలుపైతే పెళ్ళి అని ఆ ప్రకటనలు మన ఇళ్ళల్లో దశాబ్దాల పాటు చెప్పాయి. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. అదే నియాసినమైడ్ ఇప్పుడు సీరమ్‌లో చర్మపు రక్షణ పొరని బలపరిచేదిగా వచ్చింది. ఈ మాట నిజమే. నాలుగైదు శాతం ఉంటే చర్మం తడి కోల్పోవడం తగ్గుతుంది, మచ్చలు కొంత పలచబడతాయి. పదార్థం చెడ్డది కాదు. దానికి తగిలించిన ప్రశ్న చెడ్డది. ఒకే అణువు ఆకలిగొన్న స్త్రీ చర్మాన్ని కాపాడింది, కడుపునిండిన స్త్రీ చర్మాన్ని అవమానించింది.

ఎంపిక అంటే

'ఇది నా ఎంపిక' అన్న మాటని మనం తేలిగ్గా తీసుకోలేం, తేలిగ్గా కొట్టిపారేయనూ లేం. ఎంపికకి ముందు సమాచారం కావాలి. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించిన పదార్థాలన్నిటినీ ఎక్కువ నుంచి తక్కువకి వరసగా సీసా మీద అచ్చువేయాలి. కాబట్టి ముందు వైపు పెద్ద అక్షరాలు వదిలేసి వెనకవైపు చదవండి. అట్ట మీద గొప్పగా చెప్పుకున్న పదార్థం జాబితా చివర్లో ఉంటే మనం పేరుకే డబ్బు కడుతున్నాం.

తడి కోసమైతే గ్లిజరిన్, హైలురోనిక్ ఆసిడ్, పాంథెనాల్ చాలు. తడి ముఖం మీదే రాయాలి, గాలి పొడిగా ఉంటే పైన పల్చగా క్రీము రాయాలి. లేకపోతే పట్టిన తడి ఆరిపోతుంది. బాపట్ల, రేపల్లె ఉప్పుగాలిలో అంత క్రీము అక్కర్లేదు. చర్మం పగిలి మండుతుంటే సెరమైడ్లున్నవి మేలు. విటమిన్ సి సీరమ్ వేడికీ వెలుతురుకీ చెడుతుంది. రోహిణి కార్తెలో కిటికీ పక్కన పెట్టిన సీసా గోధుమరంగుకి తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. సువాసన ఎక్కువ ఉన్నవాటికి దూరంగా ఉండటం మంచిది. ఏదైనా ముందు మోచేతి లోపలివైపు నాలుగు రోజులు రాసి చూడాలి. కాన్పుల తర్వాత మంగు మచ్చలు వచ్చినవాళ్ళకి ఏ సీరమ్ కన్నా ముందు ఎండ నుంచి రక్షణ అవసరం. అందులో పొలం పనికి వెళ్ళే ఆమె తలకి చుట్టుకున్న తువ్వాలు కూడా లెక్కే.

అన్నిటికన్నా భయపెట్టేది సీరమ్ కాదు, చీటీ లేకుండా కౌంటర్ మీద దొరికే తెల్లబరిచే క్రీము. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు కనిపిస్తే అవి స్టిరాయిడ్లు. వారంలో ముఖం తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి రక్తనాళాలు కనిపిస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం ఎర్రగా మండుతుంది కాబట్టి మళ్ళీ అదే రాస్తారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 స్టిరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అయినా పెళ్ళిచూపులకి వారం ముందు ఏ అమ్మాయీ షెడ్యూళ్ళు చదవదు. ఆమె చేతిలో ఆ ట్యూబు పెట్టేది తరచూ పక్కింటి ఆప్యాయతే.

అందుకే ఆ అమ్మాయిలకి నేను చెప్పేది ఇంతే. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు అది మీ చర్మానికి ఏం ఇస్తానంటోందో, మిమ్మల్ని చూసేవాళ్ళకి ఏం ఇస్తానంటోందో విడివిడిగా చదవండి. మొదటిదానికి డబ్బు పెట్టండి, స్తోమత లేకపోతే గ్లిజరిన్ సీసా ఉంది. రెండోదాన్ని అక్కడే అరలో వదిలేయండి. పసుపు రాసుకునే హక్కు మొగుడితో పాటు పోయిన వాళ్ళ మనవరాళ్ళం మనం. మన ముఖానికి తడి కావాలని మనం అనుకోవడానికి ఎవరూ బతికుండనక్కర్లేదు, ఎవరూ చూడనక్కర్లేదు.