ముద్రణ పెరోవ్‌స్కైట్ సౌరఘటాలు

పెరోవ్‌స్కైట్ స్ఫటిక నిర్మాణం గల పదార్థాన్ని ద్రావణ రూపంలో పూసి, అచ్చువేసి తయారుచేసే సౌరఘటాలు. 2009లో జపాన్‌లో త్సుతోము మియసాక బృందం చేసిన తొలి ఘటం సామర్థ్యం 3.8 శాతం. నేడు ప్రయోగశాలల్లోని చిన్న ఘటాలు 26 శాతం దాటాయి.

అసలు చిక్కు మన్నికతోనే. తేమ తగిలితే నల్లటి పెరోవ్‌స్కైట్ పొర విచ్ఛిన్నమై పసుపుపచ్చని లెడ్ అయొడైడ్ మిగులుతుంది. వేడికి ఆ పదార్థంలోని మిథైల్ అమ్మోనియం భాగం ఎగిరిపోతుంది. అందుకే దాని స్థానంలో ఫార్మమిడినియం, సీజియం వాడకం పెరిగింది.

ముద్రణకు బాగా ఒదిగిన నమూనా చైనాలోని వుహాన్‌లో హాన్ హోంగ్‌వెయ్ బృందానిది. గాజుపై టైటానియం డయాక్సైడ్, జిర్కోనియం డయాక్సైడ్, కార్బన్ పొరలను స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తారు. మన ఊళ్లలో శుభలేఖలు అచ్చువేసే పద్ధతే ఇది. పైనుంచి చుక్కలుగా వేసిన పెరోవ్‌స్కైట్ ద్రావణం సూక్ష్మరంధ్రాల గుండా అడుగుదాకా ఇంకుతుంది. కార్బన్ పొరే ఎలక్ట్రోడ్‌గా పనిచేస్తుంది గనుక బంగారు ఎలక్ట్రోడ్ అక్కర్లేదు. మందపాటి కార్బన్ పొర తేమను కొంత అడ్డుకుంటుంది. ద్రావణంలో 5-అమైనోవాలెరిక్ ఆమ్లం కలిపితే స్ఫటికాల్లో లోపాలు తగ్గాయి. 2014లో ఈ ఘటం 12.8 శాతం సామర్థ్యం చూపి, బయటి గాలిలో, పూర్తి వెలుగులో వెయ్యి గంటలకు పైగా నిలిచింది. సామర్థ్యపు రికార్డుల కన్నా ఈ మన్నికే విలువైన ఫలితం.

సిలికాన్ ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ మామూలు. పెరోవ్‌స్కైట్ ఇంకా ఆ స్థాయికి చేరలేదు.