అజరయ్య గారు, సహపంక్తి భోజనము

దోర్నకల్ అనగానే మన సంఘస్థులకు మొదట జ్ఞాపకము వచ్చేది అక్కడి ఎపిఫనీ కెథీడ్రల్. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయములో గుడి, మసీదు, చర్చి కట్టడపు తీరులు మూడూ కలిసి ఉన్నాయి. చూచినవారు మెచ్చుకొనక మానరు. అయితే దానిని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అంతకు ఎంతో ముందే చేపట్టిన మరొక పని ఉన్నది. అది వంట ఇంటిలో, పెండ్లి మాటలలో, అప్పు పత్రాల దగ్గర జరగవలసిన పని. ఫోటోకు అందదు గనుక దానిని గురించి మనము తక్కువగా మాట్లాడుకొంటాము. ఈ శతవార్షిక సంచికలో ఆ సంగతే వ్రాయదలచాను.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములో ఒక గురువుగారి ఇంట పుట్టారు. యౌవనములో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెండ్లి చేసుకొన్నారు. ఆ రోజులలో కాలేజీ చదువు చదివిన బహు కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెండ్లికి కట్నము తీసుకొనలేదు. ప్రసంగములలో కట్నమును ఖండించిన బోధకులు చాలామంది ఉన్నారు. తన పెండ్లిలోనే మానుకొన్నవారి మాటకు ఉండే బరువు వేరు.

1909లో గురుపట్టము పొంది, నైజాము రాజ్యములో ఉన్న దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. తన భాష కాని భాషను నేర్చుకొని, ఎద్దుబండి మీద పల్లెపల్లెకు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్స్ కెథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానమునకు వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

ఈ రెంటికీ నడుమ, 1910లో, స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేదాంత కళాశాలలో చదివిన మావంటివారందరము ఆ సభను పరీక్ష కొరకు బట్టీ పట్టినవారమే! ముప్పదియైదేండ్ల అజరయ్య గారు అక్కడ లేచి చెప్పినది మాత్రము పరీక్షతో పోయే మాట కాదు. దొరలు చేసిన త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. వారు మా కొరకు ప్రాణాలు కూడా ఇచ్చారని ఒప్పుకొన్నారు. కాని ఏండ్ల తరబడి కలిసి పని చేసినా, తమ క్రింది భారతీయ పనివారిని ఇంటికి పిలిచి భోజనము పెట్టరు, వారి ఇంటికి వెళ్ళరు. మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. సభలో కొందరికి కోపము వచ్చింది. బానిసత్వమును గురించో, ప్రభుత్వమును గురించో మాట్లాడి ఉంటే అంత కోపము వచ్చేది కాదేమో. ఆయన మాట్లాడినది వారి భోజనపు బల్లను గురించి.

ఇక్కడ మనము తొందరపడి దొరలను నిందించి ముగించడానికి వీలులేదు. అదే ప్రశ్న దోర్నకల్‌లో మనవారి ముందు నిలబడింది. సంఘములో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరికి బయట ఉండడములో ఇద్దరిదీ ఒకే బాధ. అయినను మాలపల్లె వేరు, మాదిగగూడెము వేరు. ఒకరి ఇంట ఒకరు తినరు, పిల్లను ఇచ్చి పుచ్చుకొనరు. బాప్తిస్మము తీసుకొన్న తరువాత కూడా ఈ గోడ దానంతటది కూలలేదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలో పుచ్చుకొని, ఇంటికి వెళ్ళి నీ కుండ వేరు నా కుండ వేరు అంటే ఆ బల్లకు అర్థమేమిటి? రెండు కులములకు రెండు సంఘములు అనే సులువైన దారిని అజరయ్య గారు ఒప్పుకొనలేదు. చేర్చుకొంటే ఒకే సంఘములోనే చేర్చుకోవాలి అన్నారు. అలాగైతే సంఖ్య పెరగదని భయపడినవారికి చరిత్రే జవాబు. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూసే నాటికి ఆ అధ్యక్ష ఖండములో క్రైస్తవులు రెండు లక్షలకు పైగా ఉన్నారు.

బాప్తిస్మము పొందినవారి చేత ఆయన ఒక పని చేయించేవారు. తమ చేయి తమ తల మీద పెట్టుకొని, సువార్త చెప్పక ఊరుకొంటే తమకు శ్రమ అనే పౌలు మాటను (1 కొరింథీ 9:16) తమ నోటితో పలకాలి. చదువు రాని కూలివాడు కూడా ఆ దినము నుండి సువార్తికుడే. ఏ పుస్తకము పట్టుకొని చెప్తాడు? తన బ్రతుకే చూపించాలి. అందుకే మురికి, రోగము, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యములతో పోరాడమని పల్లెలలో బోధించారు. వీటిలో అప్పును నేను ముందు పెడతాను. షావుకారుకు అప్పుపడినవాడు ఆదివారము గుడికి రావాలన్నా షావుకారు సెలవు కావాలి. ఇంత బీదలలో కూడా గృహిణులు పూటపూటకు బియ్యము పొయ్యి మీద పెట్టే ముందు పిడికెడు తీసి దేవుని కొరకు వేరుగా ఉంచారు. పుచ్చుకొనుటకే పుట్టామని ఊరు ఎవరిని అనుకొన్నదో వారు ఇచ్చేవారైనారు.

1920, 30 దశకములలో కృష్ణా, గోదావరి ప్రాంతముల పల్లెలలో పై కులముల రైతులు కూడా కొందరు సంఘములోనికి వచ్చారు. తమ పొలములలో పనిచేసేవారి నడవడి మారడము కండ్లారా చూచి వచ్చామని వారు చెప్పారు. ఇరుగుపొరుగుతో ఈ సంబంధము తెగకూడదనే అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దన్నారు. లాభమును వద్దనడము అప్పుడు చాలామందికి నచ్చలేదు.

మరి మన సంగతి? కట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చింది. పెండ్లి ప్రకటనలు మూడు ఆదివారములు గుడిలో చదువుతాము, అభ్యంతరములు ఉంటే చెప్పమంటాము; ఇచ్చిపుచ్చుకొనే మొత్తము మాత్రము ఆ ప్రకటనలో ఉండదు, అడిగేవారూ ఉండరు. కులమును అడగకుండా సంబంధము చూచే ఇండ్లు మన సంఘములలో ఎన్నో చేతివ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. అయినను అలాటి ఇండ్లు ఉన్నాయి. మొట్టమొదట పొరుగు గూడెము వారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము తిన్న పెద్దలు మన గ్రామములలో ఉండేవారు. వారికి సొంతవారి నుండి వెలి, తిట్లు తప్పలేదు. వారి పేర్లు మన రిజిస్టర్లలో ఎక్కడా లేవు. కొందరు నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఇంకా జ్ఞాపకము ఉన్నాయి. ఈ శతవార్షిక సంవత్సరములో యౌవనస్థులు ఆ ముసలివారి దగ్గర కూర్చుండి, ఎవరి ఇంట, ఏ సందర్భమున ఆ మొదటి భోజనము జరిగినదో అడిగి వ్రాసి, తమ సంఘ గురువుగారికి అందజేయవలెనని కోరుచున్నాను.